పసుపు దారం కట్టిన బోల్టు

దానియేలు తుపాకిని గోనెసంచిలోంచి తీసి మంచం మీద పెట్టగానే చిన్న శబ్దం వినిపించింది. ఖాళీ డబ్బాలో చింతగింజ కదిలినట్టు. మా తుపాకి ఎప్పుడూ అట్లా శబ్దం చేయలేదు.

దానియేలు నా తమ్ముడు. నెక్కొండకు నాలుగు మైళ్ల అవతల మా పొలం. పాకాల అడవి వైపు నుంచి పందులు వచ్చి పల్లికాయ చేను తవ్విపోస్తాయని మా నాయన కాలంలోనే తుపాకికి లైసెన్సు తీసుకున్నారు. పందిని కొట్టింది లేదు. గాల్లోకి ఒక తూటా పేలిస్తే వారం రోజులు ఆ దిక్కు రావు, అంతే. నాయన పోయాక లైసెన్సు దానియేలు పేరు మీదికి మారింది. శనివారం శనివారం దాన్ని తుడిచి నూనె పెట్టే పని మాత్రం నాకు మిగిలింది. ఇరవై ఏళ్లుగా నా చేతికి తెలిసిన వస్తువు అది.

ఎనభైమూడు జనవరిలో ఎలక్షన్లు జరిగాయి. ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ అప్పగించాలి. మేము హనుమకొండలో తుపాకులు అమ్మి, బాగుచేసే ఒక దుకాణంలో అప్పగించి రసీదు తెచ్చుకుంటాం. అక్కడ బోల్టు విడదీసి ఒక దిక్కు, తుపాకి ఒక దిక్కు పెడతారు. బోల్టు అంటే తూటా వెనకాల గడియలాగా మూసుకునే ఇనుప ముక్క. అది లేకపోతే తుపాకి వట్టి గొట్టమే. ఎవరి బోల్టు ఎవరిదో తెలియడానికి అందరూ దాని పిడికి ఏదో ఒక దారం కట్టి ఇస్తారు. అంతకు ముందటి డిసెంబరులో దానియేలు వెంట నేనూ వెళ్లాను. వాడు దారం తేవడం మరిచిపోయాడు. నా చీర కొంగులోంచి ఒక తెల్ల పోగు లాగి, రెండు పేటలు చేసి, నేనే కట్టాను.

ఇప్పుడు రెండు నెలలకు ఇంటికి వచ్చింది. బోల్టును ముందుకు తోసి పిడి కిందికి వంచాను. ఇదివరకు అరచేయి ఆనించి నొక్కితే గాని దిగేది కాదు. ఇప్పుడు ఒక్క వేలు తగలగానే పడిపోయింది.

"తమ్మీ, ఇది వదులైంది."

"నూనె పెట్టిన్రక్కా. కొత్త నూనె. జారుతాంది, గంతే."

"నూనెకు జారితే లోపల కదులుతదా? ఇను." తుపాకిని ఊపాను.

దానియేలు చెవి ఆనించి విన్నాడు. "రెండు నెలలు నీ చెయ్యి పడలే గదా. అలిగింది."

"ఇయ్యాల పేల్చకు."

"పందులు నిన్నడిగి వస్తయా? మూడు సాళ్లు తవ్విపోసినయ్ మొన్న. నువ్వు బస్సెక్కినా డ్రైవరుకు కండ్లు మంచిగ కనబడ్తయా అని అడుగుతవ్."

నిజమే. ఒకసారి అడిగాను. డ్రైవరు ఏమీ అనుకోలేదు.

నా పెనిమిటి యోసేపు చనిపోయిన రోజు బావి గిలక ఇరుసు వదులుగా ఉందని పొద్దున్నే చూశాను. చెబుదామనుకున్నాను. పొయ్యి మీద గంజి పొంగింది, మరిచిపోయాను. ఆయన పూడిక తీయడానికి బావిలో దిగాడు. తుపాకి ఇంటికి వచ్చేనాటికి అది జరిగి పదహారేళ్లయింది. ఎవరు గడప దాటుతున్నా వాళ్లు పట్టుకుపోయే వస్తువును ఒకసారి కదిపి చూడనిదే నా ప్రాణం ఒప్పుకోదు. దానియేలుకు ఇదంతా తెలుసు. తెలిసే నవ్విస్తాడు.

నేను తూటాల డబ్బా తీసి నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను.

"మిస్త్రీ చూసినంక ఇస్త," అన్నాను.

మరునాడు పొద్దున నెక్కొండలో ప్యాసింజర్ ఎక్కి వరంగల్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో హనుమకొండ వెళ్లాం. దుకాణంలో గల్లా ముందు సేటు పేపరు చదువుతున్నాడు. వెనక గదిలో గట్టయ్య మిస్త్రీ కింద కూర్చుని పని చేసుకుంటున్నాడు. యాభై ఏళ్లుంటాయి. చేతివేళ్ల సందుల్లో నూనె మరకలు పచ్చబొట్టులాగా దిగిపోయి ఉంటాయి. తుపాకి తీసుకుని ఒకసారి ఊపి, కట్టె మీద చెయ్యి వేసి చూశాడు.

"కట్టె ఎండిందక్కా. చలికాలం గదా, గుంజుకపోయింది. ఇనుముకూ కట్టెకూ నడుమ సందు వచ్చింది. దీనికింత ఫికరెందుకు?"

మరలు విప్పాడు. పాత చెంబు అంచు నుంచి సన్నటి ఇత్తడి రేకు కోసి, సుత్తితో సాపు చేసి, కట్టెలో ఇనుము కూర్చునే చోట పరిచాడు. మళ్లీ మరలు బిగించి ఊపాడు. శబ్దం లేదు.

"అయిపాయె," అన్నాడు దానియేలు. "పా అక్కా, రెండు గంటల బండి దొరుకుతది."

నేను తుపాకి అందుకుని బోల్టు మూశాను. పిడి మీద వేలు పెట్టాను. పడిపోయింది.

"శబ్దం పోయింది మిస్త్రీ. వదులు పోలే."

గట్టయ్య చెవి మీది బీడీ తీసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. "వదులంటే నీకేం ఎర్క?"

"ఎర్క లేకనే అడుగుతాన. తూటా పేలితే ముందుకే తంతదా, ఎనుకకు గూడ తంతదా?"

అతను చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. ఆ ప్రశ్న అతన్ని అంతకు ముందు ఎవరూ అడిగినట్టు లేదు.

"రెండు దిక్కులా తంతది. ముందుకు గుండు పోతది. ఎనుకకు ఏమీ రావద్దని బోల్టు పట్టుకుంటది. తలుపుకు గడియ ఉన్నట్టు. గడియ బిగువుంటే తలుపు కదలదు. వదులుంటే తలుపు ఇంత జరుగుతది, జరిగి గడియను కొడ్తది."

"ఎంత జరిగితే కష్టం?"

"నీ గోరంత మందం గూడ శాన ఎక్కువ."

"మరి దీంట్ల ఎంత ఉన్నది? కొలుస్తరా?"

"ఏం కొలుస్తం అక్కా, నీతోని," అన్నాడు కానీ లేచాడు. డబ్బాలో వెతికి పేలిపోయిన ఖాళీ తూటా ఒకటి తెచ్చాడు. కాగితం కావాలన్నాడు. దారిలో తిందామని నేను మురుకులు కట్టుకున్న పేపరు ముక్క ఇచ్చాను. దాన్ని పైసా బిళ్లలంత గుండ్రంగా కత్తిరించి, నూనె చుక్కతో ఖాళీ తూటా వెనక అతికించి, లోపల పెట్టి బోల్టు మూశాడు.

"మంచి తుపాకైతే ఒక్క కాగితానికే పట్టుకోవాలె. మహా అయితే రెండు," అన్నాడు.

ఒకటికి మూసుకుంది. రెండో కాగితం అతికించాడు. మూసుకుంది. మూడోది పెట్టాడు. పిడి వేలికే దిగింది. నాలుగో కాగితానికి గాని ఆగలేదు.

దానియేలు తన కుడి చెంప రుద్దుకున్నాడు. పేల్చేటప్పుడు వాడు కట్టె మీద ఆనించేది ఆ చెంపే. రెండు గంటల బండి మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పుడే నాకు ఒక సంగతి తట్టింది. ఈ తుపాకిలో వదులు రెండున్నాయి. చప్పుడు చేసింది చిన్నది. పెద్దది చప్పుడు చేయలేదు.

"అరిగినట్టుంది," అన్నాడు గట్టయ్య, నెమ్మదిగా.

"డిసెంబర్ల తెచ్చినప్పుడు బిగువుండె. నేనే తుడిచి తెచ్చిన. ఆ తర్వాత ఎవలు పేల్చలే. పనిచెయ్యకుంట ఉన్నది ఎట్ల అరుగుతది?"

గట్టయ్య బోల్టు బయటికి లాగి, కిరసనాయిలు గుడ్డతో పిడి మొదలు తుడిచాడు. జిడ్డు కింది నుంచి అంకెలు తేలాయి. నేను దగ్గరికి జరిగాను.

నాకు బడి లేదు. చర్చిలో ఆ పూట పాడే కీర్తనల నంబర్లు పలక మీద పెడతారు. పక్కామె పుస్తకంలో ఆ నంబరు ఎక్కడుందో చూసి చూసి మొదట అంకెలు పట్టుకున్నాను, తర్వాత అక్షరాలు. అందుకే ఎక్కడ నంబరు కనబడినా చదవకుండా ఉండలేను. బోల్టు మీద 2938 అని ఉంది. పక్కన చిన్న నక్షత్రం గుర్తు. తుపాకి గొట్టం మొదట్లో 4176 ఉంది. పైన కిరీటం గుర్తు.

"మిస్త్రీ, ఈ రెండు నంబర్లు ఒక్కటే ఉండాల్నా?"

"ఉండాలె," అన్నాడు. అతని చూపు అంకెల మీద లేదు, గుర్తుల మీద ఉంది. "కిరీటమంటే ఇంగ్లీషోళ్ల సీమది. నక్షత్రమంటే మన దేశంల చేసింది. నమూనా ఒక్కటే గని చేసిన చేతులు వేరు. ఇది దాంట్లకు దూరుతది. దూరుతది గని కూసోదు."

"నంబర్లు చూసి ఇయ్యలేదా?"

అతను గల్లా దిక్కు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "నంబర్లు సేటు చూస్తడు, గొట్టం మీదియి. బోల్టులకు నాకు దారమే గుర్తు."

నాకు అర్థమైంది. సేటుకు వినబడేటట్టు ఇంకేమీ అడగలేదు. నేను కూడా ముప్పై ఏళ్లు వచ్చేదాకా అట్లానే గుర్తులతో బతికాను.

దారం ఇంకా పిడికే ఉంది. పసుపు రంగులో ఉంది.

"నేను కట్టింది తెల్లది," అన్నాను.

"నూనెల నానితే తెల్లది గూడ గిట్లనే అయితది."

"గింత పసుపా?" ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కిరసనాయిలు వాసన కింద ఇంకో వాసన ఉంది. రోజూ కూరలో వేసేదే. "ఇది ఇండ్ల పసుపు వాసన, మిస్త్రీ."

గట్టయ్య దారం వాసన చూసి, గోడకు ఆనుకున్నాడు. తర్వాత మొత్తం తనే చెప్పాడు. తుప్పు పట్టవద్దని బోల్టులన్నీ ఒక్క తట్టలో నూనె పోసి ముంచి పెట్టాడట. ఏటూరునాగారం దిక్కు నుంచి వచ్చిన కొమురెల్లి అనే రైతు బోల్టుకు ఆయన భార్య పసుపు దారం కట్టింది. రెండు నెలల్లో దాని పసుపు నూనెలో కరిగి పక్కనున్న నా తెల్ల దారానికి ఎక్కింది. కొమురెల్లి వచ్చేసరికి తట్టలో రెండు పసుపు దారాలున్నాయి.

"తెల్లది ఏదని చూడలేదా?"

"తెగిపోయిందనుకున్న. రెండింట్ల ఒకటి తీసిచ్చిన. మీ తమ్ముడొచ్చేసరికి మిగిలింది ఇదే."

తన సొంత తుపాకులే అన్నంత శ్రద్ధగా నూనె పోశాడు పాపం. తక్కువ పోసి ఉంటే దారాలు దేని రంగు దానికి ఉండేవి.

సేటు రిజిస్టరు తీశాడు. కొమురెల్లి తుపాకి తీసుకుపోయి అయిదు రోజులైంది. ఆయన తుపాకి గొట్టం నంబరు 2938.

గట్టయ్య లేచి నిలబడ్డాడు. "ఆయనది మీ దాంట్ల వదులైందంటే, మీది ఆయన దాంట్ల బిగువైతది. మూసుకోదు. మూసుకోకపోతే మనిషి ఏంజేస్తడు?"

"ఆకురాయి పెట్టి గీకుతడు," అన్నాడు దానియేలు. "నేనైనా గదే చేస్త."

"గీకితే మీ బోల్టు మీకు గాదు, ఆయనకూ గాదు. ఎంత గీకిండో చూసుకోకుంట దానితోని పేలిస్తే..."

తన చెంప మీద వేలు పెట్టి చూపాడు.

నేనెరుగని మనిషి ఒకడు ఏటూరునాగారం అవతల ఎక్కడో కూర్చుని మా బోల్టును అరగదీస్తున్నాడు. అతని భార్య పసుపు దారం కట్టి పంపిన మనిషి. మా ఇంటి తుపాకికి తూటాలు పెట్టెలో పెట్టి తాళం వేశాను. వాళ్ల ఇంట్లో ఎవరు వేస్తారు?

ఆ రాత్రి హనుమకొండలోనే మా చిన్నమ్మ బిడ్డ విమల ఇంట్లో పడుకుని, పొద్దున మొదటి బస్సు ఎక్కాం. గట్టయ్య సేటును సెలవు అడిగి మాతో వచ్చాడు. సేటు తన తప్పు ఎంతో, మిస్త్రీ తప్పు ఎంతో తేల్చుకోలేక టిఫిన్ డబ్బా కట్టించి పంపాడు. ములుగు దాటాక పోలీసులు బస్సు ఆపి మా లైసెన్సు చూశారు. అడవి మొదలైంది. కిటికీ పక్కన కూర్చుని నేను ఆ నూనె తట్టనే తలుచుకున్నాను. రెండు బోల్టులు రెండు నెలలు ఒకదాన్ని ఒకటి ఆనుకుని పడుకున్నాయి. వేరు వేరు దేశాల్లో పుట్టినవి. చూసినవాడికి ఒకటే. లోపల పెడితే గాని తేడా తెలియదు.

ఏటూరునాగారంలో దిగి, అడుగుతూ అడుగుతూ రెండు కిలోమీటర్లు నడిచాం. కొమురెల్లి ఇల్లు ఇంకా వంద గజాలుందనగా ఇనుము మీద ఆకురాయి గీస్తున్న శబ్దం వినబడింది.

గట్టయ్య పరుగెత్తాడు. ఆ వయసు మనిషి అట్లా పరుగెత్తడం నేను చూడలేదు.

చూరు కింద కూర్చుని కొమురెల్లి గీస్తున్నది కొడవలి.

"బోల్టు యాడున్నది?" గట్టయ్యకు ఊపిరి అందడం లేదు.

"మిస్త్రీవి గదా నువ్వు. ఇంత దూరం ఏందే?" కొమురెల్లి కొడవలి పక్కన పెట్టాడు. "బోల్టు పోయింది. తెచ్చిన దినం మూసి చూసిన, పట్టుకున్నది, మూసుకోలే. జర గీకుదామని ఆకురాయి ఎతికి తెచ్చేలోపు మాయం. ఊడ్చేటప్పుడు పెంటల కలిసిందేమో అంటాంది మా ఆమె. అయిదు దినాల సంది పెంట తవ్వుతాన."

గుమ్మంలో ఆయన భార్య సమ్మమ్మ నిలబడి ఉంది. నాకంటే చిన్నది. మేమెవరమో, ఎందుకు వచ్చామో గట్టయ్య చెప్పుతుంటే వింటూ, నా చేతిలోని బోల్టు వైపు చూస్తోంది.

"ఒదినె, గా దారం జర చూపెట్టు," అంది.

ఇచ్చాను. ఆమె రంగు చూడలేదు. ముడిని బొటనవేలితో తడిమి తిప్పి చూసింది.

"ఇది నా ముడి."

లోపలికి వెళ్లింది. వడ్ల గుమ్మిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, గుడ్డలో చుట్టిన మా బోల్టు తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది. దాని మీద నా రెండు పేటల దారం పసుపుగా ఉంది. ఎక్కడా గీత పడలేదు.

కొమురెల్లి లేచి నిలబడ్డాడు. "అయిదు దినాలు నాతోని పెంట తవ్విచ్చినవా?"

"చెప్తే ఇంటవా? ముడి నాది గాదంటే, మిస్త్రీకి తెల్వదా నీకు తెలుసా అంటవ్. అప్పటికే ఆకురాయి కోసం లేచినవ్."

"ఎవలన్న ముడి చూస్తరానే?"

"నేను చూస్త. నాది దూడకు ఏసే ముడి, మా అమ్మ నేర్పింది. ఈమెది లంగా బొందుకు ఏసే ముడి. నేను గట్ల ఎన్నడన్న ఏసిన్నా?"

దానియేలు నా దిక్కు చూశాడు. "నీ అసొంటిది ఇంకోతి దొరికింది," అని మెల్లగా అన్నాడు. కొమురెల్లికి వినబడింది. "తీస్కపోతరా?" అని అడిగాడు. సమ్మమ్మ కొంగుతో మూతి తుడుచుకుంటూ లోపలికి పోయి మా ముగ్గురికీ నీళ్లు తెచ్చింది.

గట్టయ్య అరుగు మీద కూర్చుని ఖాళీ తూటా తీశాడు. పేపరు బిళ్లలు జేబులోనే ఉన్నాయి. మా తుపాకిలో మా బోల్టు పెట్టాడు. కాగితం లేకుండా మూసుకుంది. ఒక్క కాగితానికి పట్టుకుంది. పిడి ఆగిన చోట వేలితో నొక్కి చూసి, నన్నూ నొక్కమన్నాడు. నా అరచేయికి తెలిసిన బిగువే. తర్వాత కొమురెల్లి తుపాకిలో ఆయనది పెట్టాడు. అదీ ఒక్క కాగితానికే.

"ఇత్తడి రేకు తీసేస్తవా?" అని అడిగాను.

"ఉండనీ. కట్టె ఎండిన మాట నిజమే," అన్నాడు. "గంత వరకు నేను చెప్పింది నిజమే గదక్కా."

"నిజమే."

సమ్మమ్మ బస్సు దాకా వచ్చింది. దారిలో తన కొంగు దారం తెంపి దూడ ముడి వేసి చూపించింది. మూడుసార్లు చూపించింది. బస్సులో కూర్చుని నేను వేస్తే మామూలు ముడే పడింది. కిటికీలోంచి వెనక్కి చూశాను. మలుపు వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడి ఉంది. ఆమెను మళ్లీ చూడలేదు. ఎక్కడికి వెళ్లినా మలుపు దాకా వెనక్కి చూస్తాను. కనబడకుండా పోయిన తర్వాత కూడా కొంచెంసేపు చూస్తాను.

ములుగు దగ్గర గట్టయ్య తన బస్సు టికెట్ నా ముందు పెట్టాడు. దానియేలు నిద్రపోతున్నాడు.

"అక్కా, దీంట్ల నాలుగు ఏది?"

చూపించాను. దాన్ని గోటితో గీసి చూసుకున్నాడు. తర్వాత ఏడు అడిగాడు. హనుమకొండ వచ్చేసరికి తొమ్మిదికీ ఆరుకీ తేడా ఒక్కటే నిలవలేదు. "ఈ రెండూ గిట్ల తలకిందులెందుకు పెట్టిన్రు?" అన్నాడు. నాకూ తెలియదు. ఆ సంగతి ఎవరైనా చెబితే వినాలని ఇప్పటికీ ఉంది.

మర్నాడు సాయంత్రం దానియేలు చేనుకు బయలుదేరాడు. ట్రంకు పెట్టె తాళం తీసి ఒక్క తూటా ఇచ్చాను.

"ఒక్కటేనా?"

"ఒక్కటే. పేల్చినంక నన్ను పిలువు."

"ఎందుకు?"

"పిలువు."

నేను ఇంటి ముందు నిలబడ్డాను. పొద్దు గుట్ట మీద ఉంది. చేను అక్కడికి కూతవేటు దూరం, మనిషి కనబడడు. మిస్త్రీ చెప్పిన గడియ, తలుపు, కాగితం, అరచేతి బిగువు అన్నీ ఒకసారి తలుచుకున్నాను. ఏదీ మరిచిపోలేదు. ఈసారి చెప్పాల్సింది చెప్పాను.

తూటా పేలింది. చింతచెట్టు మీది కాకులు లేచాయి.

తర్వాత ఏమీ వినబడలేదు. కాకులు ఒక చుట్టు తిరిగి వచ్చి కూర్చున్నాయి. నేను అంకెలు లెక్కపెట్టాను. పదకొండు దాకా వచ్చాను.

"అక్కా, ఉన్న," అని చేను లోంచి వినబడింది. "బీడీ ముట్టిచ్చుకుంటాన. గందుకే ఆలిశెం."

"బోల్టు తీసి చేత పట్టుకొని రా," అన్నాను. "చూస్త."